‘మళ్లీ మళ్లీ పూసే ముద్ద డేలిలీ’ ఆన్‌లైన్‌లో కొంటున్నారా? నా సంగతి చదివి కొనండి

రెండేళ్లు ఆగి ఈ పోస్టు రాస్తున్నాను. నాటిన నెలకే మోసమని అరిస్తే అమ్మినవాళ్లకు అన్యాయం చేసినట్టవుతుందని ఓపిక పట్టాను. చివరికి ఆ ఓపికే నా కొంప ముంచింది.

ఆన్‌లైన్‌లో మొక్కలమ్మే ఒకరి పేజీలో (పేరు రాయడం లేదు) పీచ్ రంగు డేలిలీ ఫొటో చూశాను. రేకుల మీద రేకులతో పువ్వు ముద్దగా, గులాబీలా ఉంది. కింద ‘ముద్ద రకం, ఏడాదంతా పూస్తుంది, పెంపుడు జంతువులకు సేఫ్’ అని రాసి ఉంది. రకం పేరు మాత్రం ఎక్కడా లేదు. అక్కడే అనుమానం రావాల్సింది, రాలేదు. మూడు మొక్కలు ఆర్డర్ పెట్టేశాను.

పార్శిల్ విప్పితే మట్టి లేకుండా ఒట్టి వేళ్లతో మూడు పిలకలు ఉన్నాయి. అందులో తప్పేమీ లేదు, డేలిలీని అలా పంపడం మామూలే. లావుపాటి వేళ్లలో నీరు నిల్వ ఉంటుంది కాబట్టి కొన్ని రోజుల ప్రయాణాన్ని తట్టుకుంటుంది. కాస్త వడలినా నీళ్లలో కొన్ని గంటలు ఉంచితే తేరుకుంటుంది. చూడాల్సింది కుదురు, అంటే ఆకులూ వేళ్లూ కలిసే చోటు. రెండింటికి గట్టిగానే ఉంది. మూడోదాన్ని బొటనవేలితో నొక్కితే వేలు మెత్తగా లోపలికి దిగింది. గోధుమరంగు జిగురు అంటుకుంది, దాంతో పాటు ముక్కు మూసుకోవాల్సినంత కుళ్లు కంపు. అన్నట్టు, డేలిలీకి గడ్డ ఉండదు. గడ్డ ఉండేది అసలు లిలీలకు. ‘డేలిలీ గడ్డలు’ అని ఎవరైనా అమ్ముతుంటే వాళ్లకు మొక్క గురించి తెలియదనైనా అనుకోవాలి, తెలిసే అలా రాశారనైనా అనుకోవాలి.

కుళ్లిన మొక్క ఫొటో పంపితే మర్యాదగానే మాట్లాడారు, బదులుగా ఇంకొకటి ఉచితంగా పంపారు. ఆ ఉచిత మొక్క ఏం చేసిందో తర్వాత చెబుతాను.

మరుసటి ఏడాది కాడ లేచింది, మొగ్గలు వచ్చాయి. మొదటి మొగ్గ విచ్చుకున్న రోజు పొద్దున్నే వెళ్లి చూస్తే నారింజ రంగు పువ్వు. లెక్కపెట్టాను: ఆరు రేకులు, ఆరు కేసరాలు. ముద్ద డేలిలీల్లో చాలావాటికి కేసరాలే రేకుల్లా మారి మధ్యలో ముద్దకడతాయి. నా పువ్వులో ఒక్క కేసరం కూడా ఆ ప్రయత్నం చేయలేదు.

అడిగితే ‘మొదటి ఏడాది ఒంటిరేకుగానే వస్తాయండీ, వచ్చే ఏడాది ముద్దగా మారతాయి’ అన్నారు. నేను పడిపోయింది ఇక్కడే, ఎందుకంటే అందులో సగం నిజం ఉంది. కొత్తగా నాటిన ముద్ద రకాలు, చల్లటి వాతావరణంలో విచ్చుకున్న పువ్వులు ఒంటిరేకుగా రావడం నిజంగానే ఉంటుంది. మొక్క కుదురుకున్నాక, వేడి పెరిగాక అదే మొక్క ముద్దగా పూస్తుంది. కానీ నారింజ పువ్వు పీచ్ పువ్వు అయిపోదు కదా! రంగు అంతలా తేడా ఉంటే అది వేరే మొక్కే. ఈ చిన్న సంగతి నాకు ఇంకో ఏడాది పోయాక గానీ తట్టలేదు. అప్పటికి డబ్బు వెనక్కి అడిగే గడువు ఎప్పుడో దాటిపోయింది.

రెండో ఏడాదీ అదే ఒంటిరేకు నారింజ పువ్వు. ఒక్క విడత పూసి ఆగిపోయింది. మళ్లీ పూయకపోవడానికి నా తప్పు కూడా ఉందేమో అనుకున్నాను. ఒకదాన్ని సగం నీడలో పెట్టాను, ఇంకోదాని కుదురును మూడంగుళాల లోతున పాతిపెట్టాను. కుదురు మీద అంగుళం మట్టి చాలు, రోజుకు ఆరు గంటల ఎండ కావాలి. రెండూ సరిచేశాను. వాడిన పూలు, కాయలు తీసేశాను, ఎండల్లో నీళ్లు తగ్గకుండా చూశాను. పువ్వులు రాలేదు గానీ పిలకలు వచ్చాయి. కుదురు పక్కన కాదు, రెండడుగుల దూరంలో గులాబీ పాదులో! తవ్వితే మట్టి కింద తెల్లటి కాడలు పాకుతూ కనిపించాయి. అప్పుడు అర్థమైంది, నాకు అంటగట్టింది హెమెరోకాలిస్ ఫుల్వా అని. రోడ్డు పక్కన గుంటల్లో కూడా గుంపులుగా పెరిగే పాత నారింజ డేలిలీ అది. అందులోనూ క్వాన్సో అనే ముద్ద రకం ఒకటుంది. కనీసం అదొచ్చినా సరిపెట్టుకునేదాన్ని.

ఇక ఉచిత మొక్క. వచ్చిన రోజే మిగతావాటి పక్కన నాటేశాను. కొన్ని వారాలకు ఆకుల మీద పసుపు మచ్చలు వచ్చాయి. ఆకు అడుగుభాగాన్ని తెల్ల కాగితంతో తుడిస్తే నారింజ పొడి అంటింది. తుప్పు తెగులు! పక్సీనియా హెమెరోకాలిడిస్ అనే శిలీంధ్రం వల్ల వస్తుంది, గాలిలో పాకుతుంది. మొక్కను చంపడం అరుదే గానీ ఆకుల్ని మాత్రం అసహ్యంగా చేస్తుంది. ఎన్నో ఏళ్లుగా పెంచుకుంటున్న స్టెల్లా డి ఓరో అనే నా పసుపు డేలిలీకి కూడా అంటుకుంది. ఆకులన్నీ నేలమట్టానికి కోసి, చెత్తలో వేసి, కొత్త ఆకులు వచ్చేదాకా ఎదురుచూశాను. నాకు బాధ కలిగించింది పోయిన డబ్బు కాదు, ఇదే. కొత్త డేలిలీ ఎవరిచ్చినా కొన్ని వారాలు విడిగా కుండీలో ఉంచి, ఆకు అడుగున తుడిచి చూశాకే తోటలో పెట్టండి.

‘పెంపుడు జంతువులకు సేఫ్’ అన్నది అన్నిటికన్నా పెద్ద అబద్ధం. డేలిలీ పిల్లులకు విషం. ఆకు నమిలినా, ఒంటి మీద పడ్డ పుప్పొడి నాకినా కిడ్నీలు పాడవుతాయి. ఇంట్లో పిల్లి ఉంటే అసలు కొనకండి. పొరపాటున తింటే లక్షణాల కోసం చూస్తూ కూర్చోకుండా వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

కొనాలనే ఉంటే ముందు రకం పేరు అడగండి. పేరున్న రకాలను అమెరికన్ డేలిలీ సొసైటీ వాళ్లు నమోదు చేస్తారు. కాడ ఎత్తెంత, ఎప్పుడు పూస్తుంది, మళ్లీ పూసే రకమా, ముద్దదా అన్నది వాళ్ల జాబితాలో వెతికి చూసుకోవచ్చు. ‘పేరు గుర్తులేదండీ, కానీ గ్యారంటీ’ అంటే వదిలేయండి. వాళ్ల దగ్గర పూసిన పువ్వు ఫొటోనే అడగండి, కాడ, ఆకులు కూడా కనిపించేలా. విత్తనాలైతే మరీ వద్దు. ముద్ద రకం విత్తనం వేస్తే తల్లి మొక్కలాగే వస్తుందని ఎవరూ మాట ఇవ్వలేరు, ఆ పువ్వే కావాలంటే పిలక విడదీసి నాటుకోవాల్సిందే. నాకు అమ్మిన పేజీలోనే నీలం డేలిలీ విత్తనాలు కూడా కనిపించాయి. అసలైన నీలం రంగు డేలిలీ ఇంతవరకు లేనే లేదు.

ఇంకో మాట. నిజమైన రకం దొరికినా ‘ఏడాదంతా’ అన్న మాట నమ్మకండి. ఒక్కో పువ్వు ఉండేది ఒక్క రోజే. కాడ నిండా మొగ్గలుంటాయి కాబట్టి రోజుకొకటి చొప్పున వారాలపాటు పూస్తాయి. మళ్లీ పూసే రకమైతే కొంత విరామం తర్వాత కొత్త కాడలు వేస్తుంది. మళ్లీ పూయడంలో పేరు తెచ్చుకున్న స్టెల్లా డి ఓరో కూడా విడతలు విడతలుగానే పూస్తుంది. పైగా అది ఒంటిరేకు రకం, దాని ఫొటో పక్కన ‘ముద్ద’ అని కనిపిస్తే అదీ అబద్ధమే.

ఆ పీచ్ పువ్వు ఫొటోను ఇమేజ్ సెర్చ్‌లో పెట్టి చూశాను. మరో ఇద్దరు అమ్మకందారుల పేజీల్లో వేరే వేరే పేర్లతో కనిపించింది. నాకు అమ్మినవాళ్లు ఈ మధ్య నా మెసేజ్‌లకు జవాబివ్వడం మానేశారు. నిన్న కూడా గులాబీ పాదులోంచి రెండు పిలకలు పీకాను.