ఐదు వందల గ్రాముల ట్రిగ్గర్: ఎయిర్ పిస్టల్‌తో కొన్నేళ్లు

ఎయిర్ పిస్టల్, అంటే గాలి ఒత్తిడితో గుండు వదిలే పిస్టల్, కొనాలనుకునే వాళ్లు ముందు రేటు అడుగుతారు, తర్వాత కంపెనీ పేరు అడుగుతారు. నన్నడిగితే ముందు తిరగేయాల్సింది అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య, అంటే ఐఎస్ఎస్ఎఫ్ రూల్ బుక్. వస్తువు బాగుండటం వేరు, మ్యాచ్‌లో అది చెల్లటం వేరు. కొన్నేళ్లుగా ఒకే పిస్టల్ వాడుతున్నాను కాబట్టి, ఏ రూలు నిజంగా చేతికి తగులుతుందో, ఏది చదివి వదిలేయవచ్చో చెప్పగలను.

నా ప్రాక్టీసంతా టంగుటూరులో మా బాబాయి పొగాకు గ్రేడింగ్ షెడ్డులో. వేలం సీజన్ అయిపోయాక అది ఖాళీగానే ఉంటుంది. పది మీటర్లు కొలిచి, టార్గెట్ మధ్య భాగం నేల నుంచి 1.4 మీటర్ల ఎత్తులో ఉండేలా గోడకు ఇనప పెట్టె బిగించాను. అక్కడ నుంచి చూస్తే 11.5 మిల్లీమీటర్ల పది పాయింట్ల వలయం అసలు కంటికి ఆనదు. 59.5 మిల్లీమీటర్ల నల్ల గుండ్రం ఒక్కటే కనిపిస్తుంది. అద్దాల సైట్లు, లేజర్లు కుదరవు. ముందో సైటు, వెనకో సైటు, మధ్యలో మన చెయ్యి, అంతే. రెండో చెయ్యి సాయం పట్టకూడదు.

ఇక అసలు సంగతి ట్రిగ్గర్. పది మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో ట్రిగ్గర్ బరువు, అంటే అది విడవడానికి వేలు వేయాల్సిన బరువు, 500 గ్రాములకు తగ్గకూడదు. పిస్టల్ మొత్తం బరువు 1500 గ్రాములు దాటకూడదు. రెండోది పెద్ద సమస్య కాదు, మ్యాచ్ పిస్టళ్లు దాదాపు అన్నీ కిలోకు అటూ ఇటూ ఉంటాయి. టెన్షన్ అంతా మొదటిదానితోనే. మ్యాచ్‌కు ముందు ఎక్విప్‌మెంట్ కంట్రోల్‌లో, అంటే పరికరాల తనిఖీలో, బ్యారెల్ నిటారుగా పైకి పెట్టి, గాలి లోడ్ చేసి, ట్రిగ్గర్ మధ్యలో 500 గ్రాముల తూకపు రాయి తగిలిస్తారు. బల్ల మీది నుంచి దాన్ని మెల్లగా పైకి లేపాలి. ట్రిగ్గర్ విడవకుండా రాయి గాల్లోకి లేస్తే పాస్. మూడు ఛాన్సులు ఇస్తారు. మ్యాచ్ అయ్యాక కూడా కొందరిని పిలిచి మళ్లీ చూస్తారు, అప్పుడు తేడా వస్తే చేసిన స్కోరంతా గంగపాలు.

కాబట్టి ట్రిగ్గర్ స్క్రూ సరిగ్గా 500 దగ్గర పెట్టుకోవడం తెలివి కాదు. నేను 515, 520 మధ్య ఉంచుతాను. ఆ పదిహేను, ఇరవై గ్రాముల తేడా వేలికి తెలియదు, నిద్ర మాత్రం పడుతుంది. తూకపు రాయి విడిగా కొనలేదు. కొత్తపట్నంలో వలలకు కట్టే సీసం గుళ్లు కొన్ని తెచ్చి, కొక్కెం తగిలించిన చిన్న డబ్బాలో పోసి, ఒంగోలులో తెలిసినాయన బంగారు కొట్టులో కాటా మీద పెట్టి, డబ్బా, కొక్కెంతో సహా 500 గ్రాములకు సరిచేయించాను. చివర్లో ఒక గుండు ఎక్కువైతే దాని అంచు కాస్త గీకాల్సి వచ్చింది. ఆయన నవ్వుతూనే ఉన్నాడు గానీ పని శ్రద్ధగా చేశాడు. ఇప్పటికీ మ్యాచ్‌కు బయల్దేరే ముందు రోజు ఆ డబ్బాయే నా ఎక్విప్‌మెంట్ కంట్రోల్.

రెండో ముఖ్యమైన విషయం గాలి సిలిండర్. కొత్తవాళ్లు దీన్ని అసలు పట్టించుకోరు. పిస్టల్ కింద గొట్టంలా ఉండే ఆ సిలిండర్‌కు గడువుంటుంది, తయారైనప్పటి నుంచి గరిష్ఠంగా పదేళ్లు. తేదీ దాని ఒంటి మీదే చెక్కి ఉంటుంది. గడువు దాటితే మ్యాచ్‌లో చెల్లదు, అది చూసుకోవాల్సిన బాధ్యత షూటర్‌దే. సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా వచ్చే పిస్టళ్లలో తిరకాసంతా ఇక్కడే. ఒకాయన నాకు పిస్టల్ చూపిస్తూ గ్రిప్పు, పెట్టె అన్నీ ముద్దుగా తుడిచి పెట్టాడు, సిలిండర్ తేదీ మాత్రం బొటనవేలి కింద దాచి పట్టుకున్నాడు. విప్పి చూస్తే గడువుకు మిగిలింది కొద్ది నెలలే. కొత్త సిలిండర్ ధర కలుపుకుని బేరమాడండి, లేదా దండం పెట్టి వచ్చేయండి.

గాలి నింపడం మన జిల్లాలో ఇంకో కథ. సిలిండర్‌లో 200 బార్ల ఒత్తిడి. కారు టైరులో ఉండేది రెండు బార్లకు కాస్త ఎక్కువ, దానితో పోల్చుకుంటే మీకే అర్థమవుతుంది. నీటి అడుగున ఈదేవాళ్లు వాడే స్కూబా సిలిండర్ ఉంటే దాన్నుంచి ఎక్కించుకోవచ్చు, కానీ ఆ పెద్ద సిలిండర్ నింపే చోటు మాకు దగ్గర్లో లేదు. అందుకని చేతి పంపు. 150 దాటాక ఒళ్లంతా బరువు వేస్తే గానీ దిగదు. సముద్రం పక్కన ఉన్నందుకు మన గాలిలో తేమ ఎక్కువ, పంపుతో కొడితే ఆ తేమంతా లోపలికి పోతుంది. కాసేపు కొట్టి, పంపు చల్లారేదాకా ఆగి, కింద స్క్రూ వదిలితే నీళ్లు చుక్కలుగా కారతాయి. వానాకాలంలో మరీ ఎక్కువ. తేమ పట్టే ఫిల్టర్ లేని పంపు ఎంత చవగ్గా వచ్చినా కొనొద్దు. ఓ-రింగులకు (గాలి లీకవకుండా ఆపే రబ్బరు చుట్టలకు) సిలికాన్ గ్రీజు తప్ప మామూలు నూనె తగలనీయకండి, అంత ఒత్తిడి గాలిలో నూనెకు నిప్పంటుకునే ప్రమాదముంది. పైన ఉక్కు భాగాలకు మాత్రం పల్చగా నూనె రాయకపోతే ఉప్పు గాలికి స్క్రూ తలలు ఎర్రబడతాయి.

గ్రిప్పు సంగతి కొస్తే, పిస్టల్ గ్రిప్పుతో సహా 420, 200, 50 మిల్లీమీటర్ల పెట్టెలో పట్టాలి. అరచేతి కింద ఆనే పామ్ షెల్ఫ్ గ్రిప్పుకు 90 డిగ్రీల కంటే తక్కువ కోణంలో ఉండకూడదు, అంచు పైకి వంగకూడదు. గ్రిప్పులో ఏ భాగమూ చేతిని చుట్టేయకూడదు, మణికట్టు పూర్తిగా బయటికి కనపడాలి. ఆకురాయితో గీకుకోవచ్చు, లప్పం పెట్టి చేతికి తగ్గట్టు మలచుకోవచ్చు, ఆ స్వేచ్ఛ ఉంది. రోహిణి కార్తెలో రేకుల షెడ్డు కింద అరచెయ్యి చెమటతో జారుతుంటే లప్పం ఇంకాస్త పెంచాలనిపిస్తుంది. పెంచే ముందు స్కేలు పెట్టి కొలవండి.

బూట్లు చీలమండ కిందే ఆగాలి. పక్క చూపు కప్పే బ్లైండర్ 40 మిల్లీమీటర్లు, గురి చూడని కంటి ముందు పెట్టే ముక్క వెడల్పు 30 మిల్లీమీటర్లు దాటకూడదు. పిస్టల్ బల్ల మీద పెట్టినప్పుడు బ్యారెల్‌లో లోడ్ కాలేదని చూపే రంగు సేఫ్టీ ఫ్లాగ్ ఉండాలి. ఇవి చూసుకుంటే చాలు. నేను ఆ ముక్క పెట్టుకుని నిలబడితే బాబాయి, "ఒరే అబ్బాయ్, కంటికి ఆ గంతలేందిరా?" అంటాడు. ఆయనకు పారిస్ 2024 ఒలింపిక్స్ వీడియో చూపించాను. టర్కీకి చెందిన యూసుఫ్ డికెచ్ మామూలు కళ్లద్దాలతో, ఒక చెయ్యి జేబులో పెట్టుకుని ఎయిర్ పిస్టల్ మిక్స్‌డ్ (ఆడ, మగ జంటల) ఈవెంట్‌లో రజతం కొట్టాడు. అదే ఈవెంట్‌లో మన మను భాకర్, సరబ్‌జోత్ సింగ్‌లకు కంచు. "చూడు, ఆయనకు గంతల్లేవు" అన్నాడు బాబాయి. ఆయన ట్రిగ్గర్‌కూ అదే 500 గ్రాములని నేను వాదించాను గానీ వింటేగా.

మా చిన్నాన్న కూతురు రైఫిల్ ఎంచుకుంది. వాళ్ల రైఫిల్ బరువు పరిమితి 5.5 కిలోలు, ట్రిగ్గర్‌కు కనీస బరువంటూ లేదు. చూసి కుళ్లుకున్నాను. కానీ వాళ్లు వేసుకునే షూటింగ్ జాకెట్ బట్ట 2.5 మిల్లీమీటర్ల మందం మించకూడదు, ఎంత బిర్రుగా ఉందో కూడా మిషన్ పెట్టి చూస్తారు. అది వేసుకుని మే నెలలో ఆ పిల్ల పడే అవస్థ చూశాక నా కుళ్లు తగ్గింది.

ఫోన్లో పరిగెత్తుతూ కాల్చే ప్రాక్టికల్ షూటింగ్ వీడియోలు చూసి "అది నేర్పించన్నా" అనే కుర్రాళ్లు చాలామంది. ఆ ఆటను నడిపే అంతర్జాతీయ సమాఖ్య ఐపీఎస్సీ 1976లో అమెరికాలో మొదలైంది. అక్కడ ట్రిగ్గర్ కంటే ముందు తూటా తూకం అడుగుతారు. బుల్లెట్ బరువు గ్రెయిన్లలో (తూటాలకు వాడే చిన్న తూకం), వేగం సెకనుకు అడుగుల్లో తీసుకుని గుణించి వెయ్యితో భాగిస్తే పవర్ ఫ్యాక్టర్. హ్యాండ్‌గన్‌లో కింది స్థాయి అయిన మైనర్‌కే 125 కావాలి, స్టాండర్డ్ డివిజన్ అనే విభాగంలో పై స్థాయి మేజర్‌కు 170. మన దగ్గర లైసెన్సు మీద ఎక్కువగా కనపడే .32 పిస్టల్‌లో 71 గ్రెయిన్ల బుల్లెట్ సుమారు 900 అడుగుల వేగంతో పోతుంది, లెక్క వేస్తే 64 కూడా రాదు. పైగా అక్కడ కనీస తూటా సైజు 9×19 మిల్లీమీటర్లు. మన దేశంలో అది మామూలు లైసెన్సుకు దొరకదు. ఆ ముచ్చట ఇక్కడ ఫోన్లో తీరాల్సిందే.

అందుకే మన ఊళ్లలో మొదలుపెట్టేవాళ్లకు నా ఓటు 4.5 మిల్లీమీటర్ల ఎయిర్ పిస్టల్‌కే. పెల్లెట్లలో, అంటే అందులో వేసే సీసపు గుళ్లలో, తల చదునుగా ఉండేవి తీసుకోండి, పేపర్ టార్గెట్‌లో గుండ్రంగా కోసినట్టు రంధ్రం పడుతుంది. పెద్ద మొత్తంలో కొనే ముందు 4.49, 4.50 సైజులవి ఒక్కో డబ్బా తెచ్చి మీ బ్యారెల్‌కు ఏది నప్పుతుందో చూడండి. నాదానికి 4.49 నప్పింది. సీసం కాబట్టి కాల్చాక సబ్బుతో చేతులు కడుక్కోకుండా టీ గ్లాసు ముట్టొద్దు.