గోవా పడవ కేసినోల్లో రూలెట్: సున్నాలు, చిప్స్, పన్ను

సంక్రాంతి బరుల దగ్గర గుండాట చూసినవాళ్లకు రూలెట్ అర్థం కావడానికి రెండు నిమిషాలు చాలు. అంకె మీద డబ్బు పెట్టడం, చక్రంలో తిరిగే బంతి ఏ అంకె దగ్గర ఆగుతుందో చూడటం, అంతే. పణజిలో మాండవి నది మీద లంగరు వేసి ఉన్న పడవ కేసినోలకు వెళ్లే తెలుగువాళ్లలో పేకాట రానివాళ్లు కూడా ధైర్యంగా నిలబడేది ఈ బల్ల దగ్గరే. ఆట బాగుంటుంది, బల్ల నడిపే ఉద్యోగుల, అంటే డీలర్ల, చేతి నేర్పు చూడముచ్చటగా ఉంటుంది. దీని ధర మాత్రం ఎక్కడా బోర్డు మీద రాసి ఉండదు. ఎక్కడెక్కడ ఎంత పోతుందో తెలుసుకుని కూర్చుంటే ఆ సాయంత్రానికి పెట్టిన డబ్బుకు తగిన వినోదం దక్కుతుంది. తెలియకుండా కూర్చుంటే ఇదే బల్ల రెట్టింపు ఖరీదవుతుంది.

ముందుగా చూడాల్సింది చక్రంలో సున్నాలెన్ని అన్నది. ఒకే సున్నా ఉంటే మొత్తం 37 గళ్లు, 0 కూడా ఉండి 00 కూడా ఉంటే 38. గెలిచిన నంబర్‌కు రెండు చోట్లా ఒకటికి 35 మాత్రమే ఇస్తారు, దానిమీద పెట్టిన డబ్బు కూడా వెనక్కి వస్తుంది. లెక్క ఇలా చూడండి: 37 గళ్ల మీదా తలా వంద పెడితే 3,700 అవుతుంది. ఏ గడి వచ్చినా చేతికి తిరిగొచ్చేది 3,600. వంద పోయింది, అంటే 2.70 శాతం. రెండు సున్నాల చక్రం మీద ఇదే పనిచేస్తే 3,800 పెట్టి 3,600 తీసుకుంటారు, 5.26 శాతం పోతుంది. బల్ల చివర సున్నా ఉండే పచ్చగడి ఒకటా రెండా అని చూడటానికి ఒక్క క్షణం పడుతుంది, ఆ రాత్రి మొత్తంలో అంత లాభసాటి క్షణం ఇంకోటి ఉండదు. గంటకు 40 సార్లు చక్రం తిరిగి, ప్రతిసారీ మీరు వెయ్యి పెడితే సగటున ఒక సున్నా బల్ల గంటకు 1,080 రూపాయల దాకా తీసుకుంటుంది, రెండు సున్నాల బల్ల 2,100 తీసుకుంటుంది. రెండు సున్నాల బల్ల మీద 0, 00, 1, 2, 3 కలిపి కాసే ఐదంకెల పందెం మరీ దండగ, అందులో కేసినో వాటా 7.89 శాతం.

మనిషి తిప్పే చక్రం పడవ మీదే ఎందుకుంటుందంటే అది చట్టం చేసిన పని. గోవా 1976 నాటి జూద చట్టాన్ని 1992లో సవరించి ఫైవ్ స్టార్ హోటళ్లలో స్లాట్ మెషీన్లకూ, 1996లో నీటి మీది ఓడల్లో టేబుల్ ఆటలకూ అనుమతి ఇచ్చారు. ఒడ్డున హోటళ్లలో ఉండేవి ఎలక్ట్రానిక్ యంత్రాలు. స్క్రీన్ మీద వేలితో పందెం కాసే ఆ రూలెట్ నేర్చుకోవడానికి బాగానే ఉంటుంది, కానీ అది చకచకా తిరుగుతుంది. పందెం చిన్నదైనా గంటలో ఎక్కువసార్లు కాస్తారు కాబట్టి ఖర్చు తగ్గిందనుకోవడానికి లేదు. లోపలికి వెళ్లాలంటే 21 ఏళ్లు నిండినట్టు గుర్తింపు కార్డు చూపాలి.

చాలామంది గమనించని పెద్ద ఖర్చు జీఎస్టీ. 2025 సెప్టెంబర్ 22 నుంచి కేసినోల మీద పన్ను 40 శాతం. అది మీరు గెలిచారా ఓడారా అన్నదాని మీద కాదు, చిప్స్ (డబ్బుకు బదులు బల్ల మీద పెట్టే బిళ్లలు) కొనడానికి కట్టిన డబ్బు మీద పడుతుంది. మిగిలిన చిప్స్ వెనక్కిచ్చినా ఆ పన్ను తగ్గదు. గెలిచిన చిప్స్‌తో మళ్లీ ఆడితే మాత్రం కొత్తగా పన్ను లేదు. పదివేల చిప్స్‌కు పైన 40 శాతం వేస్తే 14,000 కట్టాలి. ఆ నాలుగు వేలు ఒక సున్నా బల్ల మీద వెయ్యి చొప్పున 148 సార్లు కాస్తే సగటున పోయే మొత్తానికి సమానం. అంటే కూర్చోకముందే దాదాపు నాలుగు గంటల ఆట డబ్బు అయిపోయిందన్నమాట. పన్ను చిప్స్ విలువలోనే కలిపారా, పైన వేస్తున్నారా, కేసినో కొంత భరిస్తోందా అన్నది క్యాష్ కౌంటర్‌లో డబ్బు ఇచ్చే ముందే అడగాలి. ఒకేసారి ఎక్కువ కొని పెట్టుకోవడం మంచిది కాదు. గెలుపు మీద ఆదాయపు పన్ను వేరు: 30 శాతం, దానిపైన సెస్సు. నిన్న పోయిన డబ్బును ఇవాళ్టి గెలుపులోంచి తీసేసి చూపడానికి చట్టం ఒప్పుకోదు.

ఎంట్రీ ప్యాకేజీతో కొన్నిచోట్ల ఒక్కసారి ఆడే చిప్ లేదా కూపన్ ఇస్తారు. దాన్ని నగదుగా మార్చుకోలేరు. గెలిచినా ఓడినా చిప్‌ను తీసేసుకుని, గెలుపు మాత్రమే ఇచ్చే పద్ధతిలో దీన్ని ఎక్కడ పెట్టామన్నది చాలా ముఖ్యం. ఒక సున్నా బల్ల మీద వెయ్యి రూపాయల కూపన్ ఎరుపు అంకెలన్నిటికీ కలిపి కాస్తే దాని సగటు విలువ 486, డజన్ (వరసగా పన్నెండు అంకెలు) మీద 649, ఒకే నంబర్ మీద 946. చాలామంది భయపడి ఎరుపు మీదే పెట్టి సగం విలువ వదులుకుంటారు. నంబర్ మీద పెడితే 37లో 36 సార్లు ఏమీ రాదు, అది నిజమే, కానీ ఎలాగూ నగదు కాని చిప్‌కు అదే సరైన చోటు. కూపన్‌ను కొన్ని పందాలకే పరిమితం చేశారేమో డీలర్‌ను అడిగి తెలుసుకోండి.

బల్ల దగ్గర పద్ధతి ఇది. క్యాష్ కౌంటర్‌లో కొన్న చిప్స్‌ను డీలర్ చేతికి అందించకూడదు, బల్ల మీద పెట్టి రంగు చిప్స్ అడగాలి. ప్రతి ఆటగాడికీ ఒక రంగు, ఎవరి పందెం ఎవరిదో తెలియడానికే. ఒక్కో చిప్ విలువ ఎంతో అప్పుడే చెప్పాలి. డీలర్ ఆ రంగుకు గుర్తు పెట్టుకుంటారు. వంద అనుకుని పెడుతున్న చిప్ ఐదు వందలదని మధ్యలో తెలిసిన సంఘటనలు బోలెడు, ఆ ఒక్క మాట మొదట్లో అడగకపోవడమే కారణం.

పందాల్లో లోపలివి, బయటివి అని రెండు రకాలు. పేకాటలో లోనా బయటా ఆడినవాళ్లు తికమక పడొద్దు, ఇక్కడ ఆ మాటలకు అర్థం వేరు. అంకెల గళ్ల మీద పెట్టేవి లోపలి పందాలు. గడి మధ్యలో పెడితే ఒకే నంబర్, 35 రెట్లు. రెండు గళ్ల మధ్య గీత మీద స్ప్లిట్, 17. వరస చివర గీత మీద పెడితే మూడు నంబర్లు, 11. నాలుగు గళ్లు కలిసే మూల మీద కార్నర్, 8. రెండు వరసల మధ్య అంచు మీద ఆరు నంబర్లు, 5. ఎరుపు నలుపు, సరి బేసి, 1 నుంచి 18, 19 నుంచి 36 బయటివి, ఒకటికి ఒకటి. డజను, నిలువు వరస ఒకటికి రెండు. సున్నా వస్తే బయటి పందాలన్నీ పోతాయి. 17 మీద ఒక చిప్, 17-20 గీత మీద ఇంకోటి ఉండి 17 వస్తే 35, 17 కలిపి 52 చిప్స్ రావాలి. ఈ కూడిక నోటికి వచ్చేస్తే డీలర్ తోసిన దొంతర సరిపోయిందో లేదో వెంటనే తెలుస్తుంది.

కనీస పందెం బోర్డు చదవడంలో ఎక్కువ మంది పొరబడతారు. లోపల 500 అని ఉంటే వంద చొప్పున ఐదు నంబర్ల మీద పంచవచ్చు. బయట 500 అంటే ఎరుపు మీద 250, సరి మీద 250 కుదరదు, ఒక్కోదాని మీద 500 ఉండాలి.

బంతి చక్రం అంచు మీద తిరుగుతుండగా కూడా కాయవచ్చు. డీలర్ ఇక చాలని చెయ్యి ఊపాక చిప్ పెడితే వెనక్కి తోసేస్తారు. గెలిచిన నంబర్ మీద డాలీ అనే చిన్న గుర్తు నిలబెట్టి, ఓడిన చిప్స్ ఊడ్చి, గెలిచినవాళ్లకు ఇస్తారు. డాలీ తీసేదాకా బల్ల మీద చెయ్యి వెయ్యకూడదు. ఇక్కడే మరో తప్పు జరుగుతుంది: గెలుపు చేతికొచ్చినా అసలు చిప్ అదే నంబర్ మీద ఉండిపోతుంది. తీసుకోకపోతే అది తర్వాతి ఆటకు పందెమే. బంతి చక్రం బయటికి ఎగిరితే ఆ ఆట చెల్లదు, మళ్లీ తిప్పుతారు.

పక్కన వెలిగే బోర్డు మీద గత నంబర్లు చూసి "నలుపు చాలాసార్లు వచ్చింది, ఇక ఎరుపే" అనుకునేవాళ్లు ప్రతి బల్ల దగ్గరా ఉంటారు. 1913 ఆగస్టు 18న మాంటే కార్లోలో నలుపు వరసగా 26 సార్లు వచ్చింది, ఎరుపు రాక తప్పదని కాసినవాళ్లు కుప్పకూలారు. చక్రానికి జ్ఞాపకం లేదు. ఓడిన ప్రతిసారీ రెట్టింపు చేసే పద్ధతీ అంతే. 500తో మొదలుపెడితే ఏడు ఓటములకు 63,500 పోతుంది, ఎనిమిదో పందెం 64,000. బల్ల గరిష్ఠం 50,000 అయితే అక్కడే దారి మూసుకుపోతుంది. ఒక సున్నా బల్ల మీద ఇలా 106 సార్లు మొదలుపెడితే సగటున ఒకసారి ఏడు వరస ఓటములు వస్తాయి. పోయినచోటే వెతుక్కోవాలన్న సామెత ఈ బల్లకు వర్తించదు.

నలుపు మీద వెయ్యి, మూడో నిలువు వరస మీద వెయ్యి పెట్టే ఆట చూడ్డానికి తెలివిగా ఉంటుంది. ఆ వరసలో ఎనిమిది ఎరుపులు ఉండటంతో 26 నంబర్లు కవర్ అవుతాయి. అయితే నలుపు వచ్చి ఆ వరసలో లేకపోతే లాభం సున్నా, మిగిలిన 11 నంబర్లలో ఏది వచ్చినా రెండు వేలూ పోతాయి. సగటు నష్టం మళ్లీ 2.70 శాతమే. ఒకే సున్నా బల్ల మీద ఏ కలయిక పెట్టినా ఆ అంకె మారదు, కాబట్టి నచ్చినట్టు ఆడొచ్చు.

ఫోన్‌లో వచ్చే రూలెట్ ప్రకటనలకు దూరంగా ఉండండి. తెలంగాణ 2017లోనే, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించాయి, 2025లో కేంద్ర చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతా ఆపింది. అక్కడ చక్రం ఎవరు తిప్పుతున్నారో, గెలిస్తే డబ్బు ఎవరిస్తారో చూసే కన్ను లేదు.

రంగు చిప్స్‌కు ఆ బల్ల దాటితే విలువ లేదు. లేచే ముందు అన్నీ ముందుకు తోసి మామూలు చిప్స్ అడిగి, లెక్కపెట్టుకుని, జేబులో ఒక్క రంగు చిప్ కూడా మిగల్లేదని చూసుకుని అప్పుడు క్యాష్ కౌంటర్‌కు వెళ్లాలి. ఒడ్డుకు వచ్చాక దొరికిన రంగు చిప్ కోసం మళ్లీ పడవెక్కాల్సి వస్తుంది.