నార్త్ బెర్విక్: మామయ్య గోల్ఫ్, పిల్లల సముద్రం, అత్తమ్మ పక్షులు అన్నీ ఒకే ఊళ్ళో (ఫ్యామిలీ ట్రిప్ రివ్యూ)

పెద్దోళ్ళనీ పిల్లల్నీ కలిపి స్కాట్లాండ్ తీసుకెళ్ళాలనుకునే వాళ్ళకి ముందే చెప్పేస్తా, గోల్ఫ్ అనగానే అందరూ గోల్ఫ్‌కి పేరుమోసిన సెయింట్ ఆండ్రూస్ ఊళ్ళోనే రూము వెతుకుతారు, కానీ మీ ఇంట్లో గోల్ఫ్ ఆడేది ఒక్కరే అయితే నార్త్ బెర్విక్‌లో దిగండి. ఎడింబరో వేవర్లీ స్టేషన్లో రైలెక్కితే అరగంట పైన కొంచెం, అంతే. దిగి నడుచుకుంటా పోతే రెండు బీచ్‌లు, వాటి మధ్యలో చిన్న హార్బరు, పడమటి బీచ్‌ని ఆనుకునే గోల్ఫ్ కోర్సు, అంటే ఆడే మైదానం. సెయింట్ ఆండ్రూస్‌కి అసలు రైలు స్టేషనే లేదు, ల్యూకర్స్‌లో దిగి బస్సో ట్యాక్సీనో పట్టుకోవాల, మోకాళ్ళ నొప్పులున్న మనిషిని, లగేజీని వేసుకుని అదొక పని.

మాది నెల్లూరు. మామయ్య వైజాగ్‌లో ఉద్యోగం చేసేటప్పుడు ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్బులో ఆట నేర్చుకున్నారు, రిటైరై ఊరికొచ్చేశాక ఆ కిట్టు అటకెక్కింది. మా మరిది ఎడింబరోలో ఉద్యోగం చేస్తాడు, నాన్నకి ఒక్కసారన్నా సముద్రం ఒడ్డున అసలైన కోర్సులో ఆడించాలని తనే పట్టుబట్టాడు. అత్తమ్మేమో మోకాళ్ళతో ఆడికొచ్చి నేనేం చేస్తాను, మీరు పోయి రాండి అని. పాపకి 14, బాబుకి 9. మన వేసవి సెలవులు కాబట్టి మే రెండో సగంలో వెళ్ళాం, ఆడ స్కూళ్ళకి సెలవులిచ్చేది జూన్ చివర్లో గదా, అందుకని జనం తక్కువున్నారు, అది మాకు బాగా కలిసొచ్చింది.

గోల్ఫ్ సంగతి ముందు. వెస్ట్ లింక్స్ అంటారు, క్లబ్బు పెట్టింది 1832లో. నేలంతా ఇసకే. మైపాడు దగ్గర సరుగుడు తోటలేసిన ఇసక దిబ్బలు చూసుంటారు గదా, అట్టాంటి దిబ్బల మీద సరుగుడు బదులు పొట్టి గడ్డి పరుచుకుని ఉంటే ఎట్టుంటదో అట్టుంటాది. వాన పడినా నీళ్ళు నిలవవు, బాల్ కింద పడ్డాక చాలా దూరం దొర్లుకుంటా పోతాది, దాంతోపాటు సముద్రం గాలి. గాలికి ఎదురు కొడితే ఒక లెక్క, గాలి వాటున కొడితే ఇంకో లెక్క, మామయ్య మొదటి మూడు హోల్స్ (బాల్‌ని గుంటలో వేసేదాకా ఒక హోల్, అట్టాంటివి మొత్తం 18) ఆ లెక్కలోనే ఉన్నారు. రెండో హోల్ పక్కనే బీచ్, ఇసకలో పడిన బాల్‌ని ఆడనుంచే కొట్టుకోవచ్చు. మొదటి హోల్ మీదగా ఊళ్ళో జనం బీచ్‌కి నడిచి పోతా ఉంటారు, వాళ్ళు దాటిందాకా ఆగి కొట్టాల, ఎవరూ ఎవర్నీ విసుక్కోలేదు, ఆ పద్ధతి నాకు చాలా నచ్చింది. నాకు గోల్ఫ్ ఏమీ తెలీదు, అయినా పక్కన నడిచా, 18 హోల్సూ.

13వ హోల్ దగ్గర గ్రీన్ (గుంట చుట్టూ ఉండే నున్నటి గడ్డి) ముందర పాత రాతిగోడ ఒకటుంది. దాని మీదనుంచి బాల్ అవతల దించాల. మామయ్య చాలాసేపు ఆ గోడ చూస్తా నిలబడి "ఇంకెక్కడైనా అయితే దీన్ని కూల్చేసుండేవాళ్ళురా, వీళ్ళు దీన్నే ఆటలో కలుపుకున్నారు" అన్నారు మరిదితో. 15వ హోల్ పేరు రెడాన్, గోల్ఫ్ తెలిసినోళ్ళు పేరు వినగానే ఆగిపోతారంట, గ్రీన్ మనకి అవతల పక్కకి ఏటవాలుగా వాలి ఉంటాది, ప్రపంచంలో ఎన్నో కోర్సుల్లో దీన్ని చూసి కట్టుకున్నారు. ఆడ మామయ్య కొట్టిన బాల్ గ్రీన్ మీద ఎక్కింది. ఆయన ఏమీ అనలేదు, టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నారు, నేనూ మరిదీ అరిచేశాం.

ఖర్చు మాత్రం ఎక్కువే, సీజన్లో మనిషికి రెండు వందల పౌండ్లు దాటిద్ది, చాలా నెలల ముందు బుక్ చేసుకోవాల. ఇంకోరోజు ఊరికి తూర్పు పక్కనున్న గ్లెన్ కోర్సులో ఆడించాం, రేటు చాలా తక్కువ, కొండ అంచు మీద ఉంటాది, ఆడతా ఉన్నంతసేపూ ఎదురుగా సముద్రంలో బాస్ రాక్ కనబడతాది. డబ్బులు చూసుకునే వాళ్ళు గ్లెన్ ఒక్కటే ఆడినా ఏం తక్కువ కాదు, నా మాట నమ్మండి.

ఇంక ఈ రివ్యూ రాయాలనిపించింది దేనికంటే పిల్లల కోర్సు గురించి. వెస్ట్ లింక్స్ పక్కనే చిన్న కోర్సు, 9 హోల్స్, పిల్లల కోసమే. పెద్దోళ్ళు ఆడాలంటే వెంట పిల్లలుండాల, లేకపోతే ఆడనివ్వరు. పక్క ఊరు గలన్‌లో కూడా ఇట్టాంటిది 6 హోల్స్‌ది ఉంది, ఆడా ఇదే రూలు. అంటే తాతకి ఆడాలనిపిస్తే మనవడిని బతిమాలుకోవాల. మా వాడు అది విన్న దగ్గర్నుంచి తాతని తను తీసుకుపోతున్నట్టే నడిచాడు, "తాతా నేనుంటేనే నీకు ఎంట్రీ, నేను చెప్పినట్టు వినాల" అని. మరిది తన ఫ్రెండు పిల్లల గోల్ఫ్ కర్రలు అడిగి తెచ్చాడు. మే నెలాఖర్లో ఆడ సూర్యుడు రాత్రి తొమ్మిదిన్నర దాటినా ఉంటాడు, తొందరగా అన్నం తినేసి పోయినా బోలెడంత వెలుగు. మామయ్య వాడి వెనకాల నిలబడి చేతులు పట్టుకుని చూపించడం, వాడు వినకుండా క్రికెట్ బ్యాట్ ఊపినట్టు ఊపడం, బాల్ అట్టే ఉండటం, మళ్ళీ మళ్ళీ. వెనకాల ఎవరో పెద్దాయన మనవరాలితో ఆడతా ఉంటే దారి ఇద్దామని మామయ్య పక్కకి జరిగారు, ఆయన "తొందరేం లేదు, పిల్లోడ్ని నేర్చుకోనీండి" అన్నట్టు చెయ్యి ఊపి కూర్చున్నాడు. మామయ్య ఇంట్లో ఎవరితోనూ ఎక్కువ మాట్లాడే మనిషి కాదు, మా వాడితో ఆ సాయంత్రాల్లో మాట్లాడినంత మా ఆయనతో చిన్నప్పుడు కూడా మాట్లాడలేదంట, ఈ మాట మా ఆయనే చెప్పారు. రెండు వందల పౌండ్ల కోర్సు కంటే మాకు ఇదే ఎక్కువ.

పాపకి గోల్ఫ్ పట్టదు. తనకి సముద్రం కావాల. మన దగ్గర ఆటుకీ పోటుకీ తేడా మీటరుకి అటూ ఇటూ, మైపాడులో పొద్దున పోయినా సాయంత్రం పోయినా పెద్ద తేడా తెలీదు. ఆడ అమావాస్యకీ పౌర్ణమికీ ఐదు మీటర్ల దాకా ఉంటాది. నీళ్ళు తీసినప్పుడు రాళ్ళన్నీ బయటపడి గుంటల్లో ఎండ్రకాయలు, నత్తలు, రాతికి అతుక్కుని పువ్వులాగా తెరుచుకునే జీవులు, పాప ఆ గుంటల ముందర గంటలకి గంటలు గొంతుకూర్చుంది. పోటెక్కే టైములు ముందు రోజే చూసుకుని పోండి, నీళ్ళు వెనక నుంచి చుట్టుకొస్తాయి, పిల్లలతో పోయేటప్పుడు ఇది అశ్రద్ధ చేసే విషయం కాదు. ఈత సంగతి వదిలేయండి, మే నెలలో నీళ్ళు పది డిగ్రీల దగ్గరుంటాయి, కాళ్ళు పెడితేనే ఎముకలు లాగినాయి. తూర్పు బీచ్‌లో పోటు నీళ్ళతో నిండే తొట్టి ఒకటి కట్టుంది, చిన్నపిల్లలకి లోతు భయం లేకుండా ఆడుకోడానికి అది బాగుంటాది.

ఇప్పుడు అత్తమ్మ. సముద్రంలో బాస్ రాక్ అని నిటారుగా లేచిన రాయి, వంద మీటర్ల పైన ఎత్తు, పాత అగ్నిపర్వతం మిగులు. దూరం నుంచి సగం తెల్లగా కనబడతాది, అదంతా పక్షులూ వాటి రెట్టా. గానెట్లు అంటారు, రెక్కలు చాపితే 1.8 మీటర్లు, 2014 లెక్కలో 75 వేల జంటల పైనే ఉన్నాయి, అప్పట్లో ఉత్తర గానెట్లకి ప్రపంచంలోనే పెద్ద చోటు. బోటు మీద పోయి చుట్టూ తిరిగి రావచ్చు, మేం పోయాం, ఆ గోలా ఆ వాసనా, తల మీదనుంచి నీళ్ళలోకి బాణాల్లా పడటం, అది పోయి చూడాల్సిందే. కానీ అత్తమ్మ బోటెక్కలేదు. హార్బరు దగ్గర స్కాటిష్ సీబర్డ్ సెంటర్ ఉంది, 2000లో తెరిచారు, ఆ రాతి మీద పెట్టిన కెమెరాలని మనమే ఇటూ అటూ తిప్పుకుంటా చూడొచ్చు. మేం బోటు దిగి వచ్చేసరికి అత్తమ్మ కుర్చీలో కూర్చుని కెమెరా తిప్పుతా పక్కనున్న ఎవరి పిల్లకో గూడు చూపిస్తా ఉంది, తెలుగులోనే. "మన నేలపట్టులో గూడబాతులు చెట్ల మీద పెట్టుకుంటాయి, ఇవి చూడు బండ మీదే" అని. 2022లో బర్డ్ ఫ్లూ వచ్చి చాలా పక్షులు పోయినాయంట, తట్టుకుని బతికిన వాటిలో కొన్నిటికి నీలం కళ్ళు నల్లగా మారినాయి, ఆ ముక్క వినిందగ్గర్నుంచి అత్తమ్మ నల్లకళ్ళ పక్షి కోసం వెతకతానే ఉంది. నేను పోయి ఏం చేస్తానన్న మనిషి మర్నాడు మళ్ళీ పోదాం అన్నది.

టాంటలన్ కోట కూడా చూశాం, 14వ శతాబ్దంది, ఎర్రరాయి, కొండ అంచున. లోపల మెట్లు పెద్దోళ్ళ వల్ల కాదు, బయట గడ్డిలో నుంచి చూసినా బాగుంటాది. ఊరి వెనకాల లా అనే కొండ 187 మీటర్లు, మా ఆయనా పాపా ఎక్కొచ్చారు. ఒక ఆదివారం కారులో సెయింట్ ఆండ్రూస్ పోయి వచ్చాం, దారిలో 1890లో కట్టిన ఎర్ర ఫోర్త్ రైలు బ్రిడ్జి కనబడతాది. ఆదివారం ఎందుకంటే ఆడ పేరుమోసిన ఓల్డ్ కోర్సు అనే గోల్ఫ్ మైదానంలో మామూలుగా ఆదివారం ఆట ఉండదు, ఊరోళ్ళు కుక్కల్ని తీసుకుని నడుస్తా ఉంటారు, మనం కూడా పైసా ఇవ్వకుండా స్విల్కన్ బ్రిడ్జి మీద నిలబడొచ్చు. మామయ్య ఆ చిన్న రాతి వంతెన మీద చెప్పులు విడిచి నిలబడ్డారు, ఫోటో మా ఇంట్లో హాల్లో పెట్టాం.

తిండికి హార్బరు దగ్గర లాబ్‌స్టర్ షాక్ బాగుంది, చిప్స్ మాత్రం చేత్తో గట్టిగా పట్టుకోండి, సముద్రపు కాకులు ఎత్తుకుపోతాయి. ఇంట్లో వంట చేసుకున్నాం ఎక్కువగా. చేపల పులుసుకి హాడక్ కొనబాకండి, మెత్తటి చేప, పులుసులో విరిగిపోతాది, వేపుడికైతే బ్రహ్మాండం. పులుసుకి మాంక్‌ఫిష్ అడగండి, ముక్క ముక్కలాగే నిలబడింది, చింతపండు ఇక్కడి నుంచే తీసుకుపోయాం. ఆవకాయ, పొడులు తీసుకుపోవచ్చు, నెయ్యి మాత్రం వద్దు, ఇండియా నుంచి పాల వస్తువులూ మాంసం వాళ్ళు లోపలికి రానివ్వరు.

నచ్చనిది ఒక్కటే, మేం తీసుకున్న ఇల్లు. ఆన్‌లైన్ ఏజెన్సీ వాళ్ళు పెద్దవాళ్ళకి అనువైంది అని రాశారు, తీరా పోతే బెడ్రూములు పైన, మెట్లు ఇరుకు, మెలికలు, అత్తమ్మ కింద హాల్లో సోఫా మీదే పడుకుంది. మెయిల్ పెడితే సారీ అన్నారు, డబ్బులేం తగ్గించలేదు. పాత రాతి ఇళ్ళు చాలావరకు ఇట్టాగే ఉంటాయి, కాబట్టి కింద బెడ్రూము, కింద బాత్రూము ఉన్నాయా అని రాతలో అడిగి, ఫోటో తెప్పించుకుని అప్పుడు కట్టండి డబ్బులు. ఇల్లు వదిలేస్తే ఊరికి ఐదుకి ఐదు.

స్వెట్టర్లు, గాలి ఆపే జాకెట్లు మే నెల అయినా కావాల, ఎండగా ఉన్నప్పుడే సముద్రం మీదనుంచి పొగమంచు వచ్చి అరగంటలో అంతా కమ్మేస్తాది. పఫిన్లు (రంగు ముక్కున్న పొట్టి సముద్రపు పక్షులు) చూడాలంటే ఆగస్టుకి వెళ్ళబాకండి, అప్పటికి అవి సముద్రంలోకి పోతాయి. గానెట్లైతే సెప్టెంబరు దాకా ఉంటాయి. వీసాకి ముందే పెట్టుకోండి.