మద్దిలపాలెంలో జెనరిక్ మందుల షాపు: 4 స్టార్లు

నాన్నగారికి స్టెంట్ వేశాక మా ఆరోగ్య బీమా పాలసీ డిశ్చార్జి తర్వాత 60 రోజుల మందుల వరకే డబ్బిచ్చింది. ఆపైన అంతా మన జేబే. బీపీ, షుగర్ లాంటి పాత జబ్బులకు గరిష్ఠ వెయిటింగ్ పీరియడ్‌ని (పాలసీ తీసుకున్నాక ఆ జబ్బులకు క్లెయిమ్ ఇవ్వని కాలం) బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024లో 4 ఏళ్ల నుంచి 3 ఏళ్లకు తగ్గించింది, మంచిదే. కానీ అది ఆసుపత్రిలో చేరితేనే పనికొస్తుంది. రోజూ వేసుకునే మాత్రలకు ఓపీడీ కవర్ (ఆసుపత్రిలో చేరకుండా అయ్యే ఖర్చులకు బీమా) విడిగా ఉండాలి. పాలసీ అమ్మేటప్పుడు ఈ ముక్క ఎవరూ చెప్పరు!

అందుకే ఈ షాపు పట్టుకున్నాం. క్లోపిడోగ్రెల్, అటోర్వాస్టాటిన్, టెల్మిసార్టన్, మెట్‌ఫార్మిన్ కలిపి నెలకు 1,900 రూపాయలయ్యేది 500 లోపే తేలుతోంది. కౌంటర్‌లో ఉండే ఆవిడ చీటీలో బ్రాండ్ పేరు పక్కనే అసలు మందు పేరు, మిల్లీగ్రాములు పెన్సిల్‌తో రాసి, "ఒకసారి మీ డాక్టర్ గారికి చూపించి వాడండి" అన్నారు. చూపించాం, సరే అన్నారు.

నెల మొదట్లో రద్దీ ఎక్కువ, స్టాకు తక్కువ. టెల్మిసార్టన్ తరచూ అయిపోతుంది. 20వ తేదీ దాటాక వెళ్తే అన్నీ ఒకేసారి దొరుకుతాయి. బిల్లు మాత్రం అడక్కుండానే ఇస్తారు.