మాటల పట్టికా, వాడుక వాక్యాలా: పెద్దవాళ్ళకి ఇంగ్లీషు నేర్పడానికి ఏది మేలు?

రాజోలు, మలికిపురం వైపు నుంచి గల్ఫ్‌కి ఇంటిపనికి వెళ్ళే ఆడవాళ్ళు చాలామంది. వాళ్ళకి ఇంగ్లీషు చెప్పాలంటే ముందు మాటలు బట్టీ పట్టించాలా, వాక్యాలే నేర్పాలా? నా ఓటు వాక్యాలకే.

పట్టికని తీసిపారేయలేం. 1953లో ఇంగ్లీషు బోధన మీద పనిచేసిన మైకేల్ వెస్ట్ సుమారు 2000 మాటలతో ఒక జాబితా ప్రచురించాడు. మామూలు ఇంగ్లీషు రాతలో ఎక్కువ భాగం ఆ మాటలే కనిపిస్తాయి. కానీ మనవాళ్ళకి మాటలు బొత్తిగా రాకపోవడమేమీ లేదు. ఫ్రిజ్, కుక్కర్, స్విచ్, డ్యూటీ, లీవు... రోజూ అనేవే కదా. రానిది వాటిని కలపడం. తెలుగులో క్రియ చివర వస్తుంది కాబట్టి, మాటలు మాత్రమే వచ్చినవాళ్ళు 'ఐ వాటర్ వాంట్' అంటారు. 'కెన్ ఐ హావ్ సమ్ వాటర్, ప్లీజ్?' అని మొత్తంగా నోటికి వస్తే, వ్యాకరణం ఊసెత్తకుండానే ఆ వరస పట్టుబడుతుంది. వాటర్ తీసేసి టీ, రైస్, హెల్ప్ పెట్టి అనిపించండి. ఇలా మాటలు మార్చి అనిపించడం మానేస్తే మాత్రం అవి చిలకపలుకులే అవుతాయి.

అన్నిటికంటే ముందు నేర్పాల్సింది, 'సారీ, కెన్ యూ సే దట్ అగైన్, స్లోలీ?' యజమానురాలు గబగబా చెబితే అర్థం కాకపోయినా భయంతో తల ఊపేస్తారు. మందు ఏ పూట వేయాలో, పిల్లాడికి ఏది పడదో చెప్పినప్పుడు అలా తల ఊపితే ఎంత ప్రమాదం!

పట్టికలతో ఇంకో చిక్కుంది. లెఫ్ట్, రైట్ లాంటి జంటలని ఒకే పూట చెబితే రెండూ కలగాపులగం అవుతాయి. లెఫ్ట్ గట్టిపడ్డాక కొన్నాళ్ళకి రైట్ చెప్పండి.

ఫోన్ యాప్‌లు రివిజన్‌కి పరవాలేదు. నేర్చుకున్నది మర్నాడు, మూడో రోజు, వారానికి గుర్తుచేసే యాప్ అయితే మంచిదే. ఎదుటి మనిషితో మాట్లాడే ధైర్యం మాత్రం దానివల్ల రాదు.

భీమవరం రొయ్యల ఫ్యాక్టరీల్లో లేబుళ్ళూ రిజిస్టర్లూ చూసేవాళ్ళకైతే పట్టికే మేలు. వాళ్ళది చదివే పని. బ్యాచ్ నంబర్, నెట్ వెయిట్, ఎక్స్‌పైరీ డేట్ లాంటివి అసలు లేబుల్ చేతికిచ్చి దాని మీదే చదివించండి.