ఏఆర్-3ఏ స్పీకర్లకు వాడిన మరమ్మతు కిట్: ఫోమ్ చక్కగా కుదిరింది, సూచనల పత్రమే దారి తప్పించింది

అకౌస్టిక్ రీసెర్చ్ సంస్థ 1967లో తెచ్చిన ఏఆర్-3ఏ నమూనా స్పీకర్ల జత ఒకటి నా చేతికి వచ్చేసరికి, రెండు వూఫర్ల (మంద్రస్వరాలు పలికే పెద్ద స్పీకర్ల) చుట్టూ ఉండవలసిన ఫోమ్ అంచు వేలు తగిలితే చాలు పొడిగా రాలిపోయే స్థితిలో ఉంది. ఈ నమూనాలో తొలినాటి వూఫర్లకు గుడ్డ అంచు ఉండేది. తరువాతి వాటికి పాలీయురెథేన్ ఫోమ్ వాడారు. నా జత ఈ రెండో రకానికి చెందినది. గాలిలోని తేమ, ఆక్సిజన్ కలిసి ఆ ఫోమ్‌ను లోలోపలే విరగ్గొడుతూ ఉంటాయి కాబట్టి స్పీకర్‌ను వాడినా మూలన పెట్టినా దాని గతి అదే. కోన్, దాన్ని కదిలించే తీగచుట్ట అయిన వాయిస్ కాయిల్, అయస్కాంతం మాత్రం చెక్కుచెదరలేదు. అందువల్ల వూఫర్లను మార్చకుండా, ఈ నమూనాకే ప్రత్యేకమని చెప్పి అమ్ముతున్న ఒక మరమ్మతు కిట్‌ను తెప్పించుకుని పని మొదలుపెట్టాను.

కిట్‌లో రెండు ఫోమ్ అంచులు, ఆరిన తరువాత పారదర్శకంగా మారే తెల్ల జిగురు సీసా, వాయిస్ కాయిల్‌ను మధ్యలో నిలపడానికి సన్నని ప్లాస్టిక్ పట్టీలు, కోన్ మధ్యలో మూతలా ఉండే డస్ట్ క్యాప్‌లు కొత్తవి రెండు, స్వరాలను వేర్వేరు స్పీకర్లకు పంచే క్రాస్ఓవర్ సర్క్యూట్ కోసం ఆరు కెపాసిటర్లు, వూఫర్ ఫ్రేము కింద పరిచే పుట్టీ, నాలుగు పేజీల సూచనల పత్రం ఉన్నాయి.

ముందుగా ఫోమ్ గురించి చెప్పాలి, ఎందుకంటే ఈ స్పీకర్ విషయంలో మంచిచెడులు తేలేది అక్కడే. మామూలు స్పీకర్లలో కదిలిన కోన్‌ను మళ్ళీ స్వస్థానానికి లాగే పనిని ప్రధానంగా చుట్టూ ఉండే అంచు, వెనుక ఉండే ముడతల గుడ్డ బిళ్ళ (స్పైడర్) చేస్తాయి. ఎడ్గార్ విల్చర్, హెన్రీ క్లాస్ కలిసి 1954లో మసాచుసెట్స్ రాష్ట్రంలోని కేంబ్రిడ్జ్‌లో స్థాపించిన అకౌస్టిక్ రీసెర్చ్ సంస్థ ఆ పనిలో అధిక భాగాన్ని గాలి చొరబడని పెట్టెలో బంధించిన గాలికి అప్పగించింది. కోన్ లోపలికి వెళ్తే గాలి ఒత్తుకుని దాన్ని బయటికి నెడుతుంది, బయటికి వస్తే లోపలికి లాగుతుంది. గాలి అనే ఈ స్ప్రింగ్ అంచు కన్నా, స్పైడర్ కన్నా ఎంతో సమంగా పనిచేస్తుంది కాబట్టే అంత చిన్న పెట్టెలోంచి అంత లోతైన, స్వచ్ఛమైన మంద్రస్వరాలు పలికాయి. అయితే దానికి ఒక షరతు ఉంది: అంచు చాలా మెత్తగా ఉండాలి. కొలత ఒక్కటీ సరిపోయిందని ఏదో ఒక 12 అంగుళాల గట్టి ఫోమ్ అతికిస్తే వూఫర్ అనునాద పౌనఃపున్యం (అది సహజంగా కంపించే స్వరస్థాయి) పైకి జరుగుతుంది, మంద్రం పలచబడుతుంది, పాత స్పీకర్లంటే ఇంతేనన్న అపవాదు మాత్రం మిగులుతుంది.

ఈ కిట్ ఇచ్చిన ఫోమ్ ఆ షరతును నెరవేర్చింది. అరచేతిలో పరిస్తే తన బరువుకు తానే వాలిపోయేంత మెత్తగా ఉంది, లోపలి అంచు వాలు కోన్ వాలుతో సరిగ్గా కలిసింది, బయటి అంచు ఫ్రేము మీద ఎక్కడా ముడత పడలేదు. ఇలాంటి సాధారణ కిట్లు ఇంతకు ముందు రెండు వాడాను; వాటిలో లోపలి అంచు వాలు కుదరక, జిగురు ఆరేదాకా వేళ్ళతో అదిమి పట్టుకోవలసి వచ్చింది. ఇక్కడ ఆ అవస్థ లేదు.

పనిలో ఎక్కువ సమయం తీసుకున్నది అతికించడం కాదు, పాతదాన్ని తొలగించడం. ఫ్రేము మీద గట్టిపడిన పాత జిగురును మొద్దు కత్తితో గీకి, కోన్ అంచు మీద మిగిలిన జిగట పొరను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన దూదితో కొంచెం కొంచెంగా తుడవడానికి ఒక్కో వూఫర్‌కు ఒక సాయంత్రం పట్టింది. కాగితపు కోన్‌ను నానబెట్టకూడదు కనుక తొందరపడడానికి వీల్లేదు. సూచనల పత్రం ఈ ఘట్టాన్ని ఒక్క వాక్యంలో ముగించింది. కొత్తగా ఈ పని చేసేవారు కోన్‌ను చింపుకునేది సరిగ్గా ఇక్కడే కాబట్టి, ఒక పేజీ దీనికే కేటాయించి ఉండవలసింది.

వాయిస్ కాయిల్‌ను మధ్యలో నిలపడానికి పత్రం చెప్పిన పద్ధతి డస్ట్ క్యాప్‌ను కోసి తీసి, కాయిల్‌కూ లోపలి ఇనుప స్తంభానికీ మధ్య ప్లాస్టిక్ పట్టీలు దూర్చి, అంచు అతికించాక వాటిని తీసి కొత్త క్యాప్ పెట్టడం. మొదటి వూఫర్‌కు అలాగే చేశాను, పట్టీల మందం సరిగ్గా సరిపోయింది. రెండోదానికి మాత్రం క్యాప్ జోలికి పోలేదు. ముందు కోన్ వైపు అంటించి ఆరనిచ్చి, తరువాత ఫ్రేము వైపు జిగురు పూసి, అది తడిగా ఉండగానే ఆంప్లిఫయర్ నుంచి 25 హెర్ట్‌జ్ స్వరాన్ని చాలా తక్కువ స్థాయిలో పంపుతూ, ఎక్కడా రాపిడి చప్పుడు లేని స్థానం దొరికేవరకు అంచును సర్దాను. రెండూ బాగానే కుదిరాయి. అయినా అసలు క్యాప్‌ను కోయకుండా కాపాడే రెండో పద్ధతినే నేను సిఫారసు చేస్తాను. కిట్ తయారీదారు దాన్ని కనీసం ప్రస్తావించకపోవడం లోపమే.

ఇక కెపాసిటర్లు. ఏఆర్-3ఏ క్రాస్ఓవర్ 575 హెర్ట్‌జ్ దగ్గర వూఫర్ నుంచి మధ్యస్థాయి స్వరాలు పలికే మిడ్‌రేంజ్‌కూ, 5,000 హెర్ట్‌జ్ దగ్గర మిడ్‌రేంజ్ నుంచి తారస్వరాలు పలికే ట్వీటర్‌కూ స్వరాన్ని అందిస్తుంది. ఒక్కో పెట్టెలో 6, 50, 150 మైక్రోఫారడ్ల కెపాసిటర్లు ఉంటాయి. పాతవాటిని విప్పి మీటరుతో కొలిస్తే మూడూ రాసిన విలువ కన్నా ఎక్కువే చూపించాయి. 50 రాసి ఉన్నది ఒక పెట్టెలో 58 దాటింది. అంటే మిడ్‌రేంజ్‌కు అది మోయవలసిన దానికన్నా కింది స్వరాలు కూడా చేరుతున్నాయన్న మాట. కాబట్టి మార్చడం అవసరమే. కిట్ ఇక్కడ వివేకం చూపించింది: చిన్న విలువకు పాలీప్రొపిలీన్ ఫిల్మ్ రకాన్ని, మిగిలిన రెండింటికి ధ్రువాలు లేని ఎలక్ట్రొలిటిక్ రకాన్ని ఇచ్చింది. అన్నిటికీ ఖరీదైన ఫిల్మ్ కెపాసిటర్లే పెడితే మేలని చాలామంది అనుకుంటారు కాని, పాత ఎలక్ట్రొలిటిక్ కెపాసిటర్లకు సహజంగా ఉండే అంతర్గత నిరోధం ఆ సర్క్యూట్ లెక్కలో ఒక భాగం. దాన్ని పూర్తిగా తీసేస్తే స్వరాల తూకం మారుతుంది. నేను ట్వీటర్ కెపాసిటర్‌తో వరుసలో అర ఓం రెసిస్టర్ ఒకటి కలిపాను. తేడా స్వల్పమే అయినా గాత్రంలో సకారాలు కాస్త నెమ్మదించినట్టు నాకు వినిపించింది.

నేను గట్టిగా ఆక్షేపించేది పత్రంలోని మూడో పేజీని. పెట్టెలోని పాత ఫైబర్‌గ్లాస్‌ను పారేసి పాలిస్టర్ దూది నింపమని అందులో సలహా ఇచ్చారు. ఇది తప్పు. ఆ ఫైబర్‌గ్లాస్ పెట్టెలోని గాలి కుదింపు వల్ల పుట్టే వేడిని తాను పీల్చుకుని, పెట్టె ఉన్నదానికన్నా పెద్దదన్నట్టు గాలి ప్రవర్తించేలా చేస్తుంది. అదే బరువు పాలిస్టర్ ఆ పనిని అదే తీరులో చేయదు. చేతి తొడుగులు, ముక్కుకు మాస్కు పెట్టుకుని, పాతదాన్ని తీసి, తూచి, ఒక్క పోగు కూడా పోకుండా తిరిగి అమర్చడమే సరైన పని. వూఫర్ వెనుక ఉన్న పలచని ముడతల కాగితాన్ని కూడా యథాస్థానంలో పెట్టాలి. గాజు నూలు వాయిస్ కాయిల్ దాకా చేరకుండా ఆపేది అదే. పత్రాన్ని నమ్మి ఫైబర్‌గ్లాస్‌ను పారేసినవారికి అది తిరిగి దొరకదు కనుక ఈ ఒక్క పొరపాటుకు నేను ఎక్కువ మార్కులు తగ్గిస్తున్నాను.

మిడ్‌రేంజ్, ట్వీటర్ స్థాయిలను సరిచేసే వెనుక నాబ్‌ల ఊసు కిట్‌లో లేనే లేదు. తీగ చుట్టిన ఆ రెసిస్టర్లలో పచ్చని తుప్పు పట్టడం ఈ నమూనాలో అందరికీ ఎదురయ్యే సమస్య, ట్వీటర్ మూగబోయిందని చాలామంది పొరబడేది కూడా దీనివల్లనే. వాటిని విప్పి, సన్నని ఇసుక కాగితంతో రుద్ది, కాంటాక్ట్ క్లీనర్‌తో కడిగాక నాలుగింటిలో మూడు బాగుపడ్డాయి. నాలుగోదాని బదులు స్థాయిని సరిచేసే మరో రకం నాబ్, ఎల్-ప్యాడ్, పెట్టాను.

పుట్టీ మాత్రం మేలైన సరుకు. వూఫర్‌ను దాని మీద కూర్చోబెట్టి స్క్రూలు ఎదురెదురుగా బిగించాక, కోన్‌ను రెండు చేతుల వేళ్ళతో సమంగా లోపలికి నొక్కి వదిలాను. అది చటుక్కున రాకుండా నిదానంగా, దాదాపు రెండు సెకన్లలో తన స్థానానికి తేలింది. గాలి ఎక్కడా పోవడం లేదనడానికి అదే గుర్తు. రెండో పెట్టెలో కోన్ త్వరగా వచ్చేసింది. వెతికితే లోపం ఎల్-ప్యాడ్ కోసం నేను పెద్దది చేసిన రంధ్రంలో ఉంది, దానికీ ఇదే పుట్టీ పెట్టాను.

రెండు నెలలుగా రోజూ వింటున్నాను. మృదంగంలో ఎడమ వైపు మోత ఇప్పుడు గుమగుమ అని సాగకుండా, పుట్టిన చోటే పుట్టి ఆగిన చోటే ఆగుతోంది. తంబుర శ్రుతి గదిలో తన చోటు వదలడం లేదు. వూఫర్లు మంచి స్థితిలో ఉండి, ఫోమ్ మాత్రమే పోయిన ఏఆర్-3ఏ ఉన్నవారు ఈ కిట్ కొనవచ్చు; కొన్నవారు పత్రంలో మూడో పేజీని పక్కన పెట్టి, ఒక కాంటాక్ట్ క్లీనర్ డబ్బా, రెండు అర ఓం రెసిస్టర్లు విడిగా తెచ్చుకోవాలి. ట్వీటర్లే బలహీనపడిన జతకు ఈ కిట్ చేయగలిగేది లేదు, వాటికి వేరే మరమ్మతు చూసుకోవలసిందే.