లైనా, విడివిడి గడులా? న్యూజెర్సీ కౌంటీ బ్యాలెట్లలో ఏది మేలు?

ఎడిసన్‌లో నేనున్న రెండు మూడు వాట్సాప్ బృందాల్లో ఏటా మే నెలాఖరుకు ఒకటే ప్రశ్న. నమూనా బ్యాలెట్ టపాలో ఇంటికి వస్తుంది. ఎవరో ఒకరు దాన్ని ఫోటో తీసి పెడతారు. "అన్నా, ఇంతకుముందు పార్టీవాళ్ళంతా ఒకే వరుసలో ఉండేవారు, పైనుంచి కిందికి గుర్తు పెట్టుకుంటూ పోతే పని అయిపోయేది. ఇప్పుడేమో ఏ పదవికి ఆ గడి. అది మేలా, ఇది మేలా?" ఒక్కొక్కరికీ విడిగా జవాబు చెప్పి అలసిపోయి, ఒకసారి కూర్చుని రాసేద్దామనుకున్నాను.

'లైను' సంగతి ఇక్కడ ఓటున్నవారికి కొత్త కాదు. మన జిల్లాల్లాంటి 21 కౌంటీల్లో సేలం, ససెక్స్ తప్ప మిగిలిన 19 కౌంటీల్లో, పార్టీ కౌంటీ సంస్థ మెచ్చినవారందరినీ ప్రైమరీ బ్యాలెట్‌లో ఒకే వరుసలో అచ్చు వేసేవారు. పైన గవర్నరో సెనేటరో, మధ్యలో కౌంటీ పాలక బోర్డులో కూర్చునే కౌంటీ కమిషనర్లు, అడుగున పార్టీ కౌంటీ కమిటీ సభ్యులు. మన ఊళ్ళ లెక్కలో ఇది బి-ఫారం లాంటిది. కాకపోతే ఇక్కడి వింత ఒకటుంది. బి-ఫారం ఎవరికివ్వాలో జనం చేత తేల్చడానికే ప్రైమరీ పెట్టారు. ఆ ప్రైమరీకి వెళ్ళేలోపే బి-ఫారం ఒకరి చేతిలో పెట్టేసేవారు.

పాత నమూనా బ్యాలెట్ ఒకటి నా బల్ల సొరుగులో ఇంకా ఉంది. ఎడమవైపు వరుస పైనుంచి కిందిదాకా పేర్లతో కిటకిటలాడుతుంది. ఆ పక్కన ఖాళీ గడులు, మళ్ళీ ఖాళీ గడులు. ఎక్కడో కుడి అంచున, కాగితం మడత దగ్గర, కౌంటీ కమిషనర్ పదవికి ఒకే ఒక్క పేరు. ఇక్కడి రాజకీయాల్లో ఆ చోటుకు 'బ్యాలెట్ సైబీరియా' అని పేరు. ఆ రోజు మా ఆవిడ ఆ పేరు మీద వేలు పెట్టి "ఈయన ఏ పార్టీ?" అని అడిగింది. మన పార్టీయేనంటే నమ్మలేదు. డెమోక్రాటిక్ ప్రైమరీ బ్యాలెట్‌లో డెమోక్రాట్లు తప్ప ఇంకొకరు ఉండరని తెలిసిన మనిషే.

దీన్ని కదిలించింది 2024 సెనేట్ పోటీ. 2023 సెప్టెంబరులో సెనేటర్ బాబ్ మెనెండెజ్ మీద అవినీతి అభియోగాలు నమోదైన మర్నాడే కాంగ్రెస్ సభ్యుడు ఆండీ కిమ్ ఆ సీటుకు బరిలోకి దిగారు. నవంబరులో అప్పటి గవర్నర్ ఫిల్ మర్ఫీ సతీమణి టామీ మర్ఫీ దిగారు. దిగిన కొద్ది రోజులకే మా మిడిల్‌సెక్స్‌తో సహా పెద్ద కౌంటీల పార్టీ అధ్యక్షులు ఆవిడ వెనక నిలబడ్డారు. సభ పెట్టి ఓటింగ్ జరిపిన కౌంటీల్లో మాత్రం చాలాచోట్ల కిమ్ గెలుస్తూ పోయారు. మర్ఫీ దంపతుల సొంత కౌంటీ మన్మత్‌లోనూ ఆయనదే గెలుపు. మార్చి 24న ఆవిడ తప్పుకున్నారు. అప్పటికే లైను చెల్లదంటూ కిమ్ కోర్టుకెక్కి ఉన్నారు. గవర్నర్ నియమించిన అటార్నీ జనరలే ఈ పద్ధతిని సమర్థించబోనని కోర్టుకు రాశారు. మార్చి 29న ఫెడరల్ జడ్జి జాహిద్ ఖురైషీ, జూన్‌లో జరిగే డెమోక్రాటిక్ ప్రైమరీకి లైను కుదరదని ఉత్తర్వు ఇచ్చారు. 2025 మార్చిలో చట్టమే మారింది. ఇప్పుడు ప్రతి పదవికీ ఒక గడి, ఆ పదవికి పోటీ పడేవారంతా అందులోనే, ఎవరి పేరు ముందో చీటీ తీసి తేలుస్తారు.

ఆ ఉత్తర్వు డెమోక్రాట్లకే వర్తించడంతో 2024 జూన్‌లో రెండు పద్ధతులూ ఒకే రోజున పక్కపక్కన నడిచాయి. రిపబ్లికన్లు పాత లైనుతోనే ఓటేశారు. సెనేట్‌కు ట్రంప్ బలపరిచిన అభ్యర్థి క్రిస్టీన్ సెరానో గ్లాస్నర్. ఎక్కువ కౌంటీల లైను దక్కింది కర్టిస్ బషాకు. బషాయే గెలిచారు. రిపబ్లికన్ ప్రైమరీలో ట్రంప్ మాటకు ఎదురు నిలిచి గెలిచినవారు ఆ ఏడాది ఎంతమంది ఉంటారో మీరే లెక్కేసుకోండి.

లైను వల్ల పార్టీలో క్రమశిక్షణ ఉంటుంది, వర్గపోరు తగ్గుతుంది అని దాన్ని సమర్థించేవారు చెబుతారు. నేను ఆగిపోయేది సరిగ్గా ఇక్కడే. వర్గపోరు లేని పార్టీని నేను ఇక్కడా చూడలేదు, అక్కడా చూడలేదు. ఆ పోరు ఎక్కడ జరుగుతుంది, ఎంత దూరం పోతుంది అన్నదే నాకు ముఖ్యం.

లైను ఉన్నప్పుడు ఒక కౌంటీ కమిషనర్ రోడ్ల కాంట్రాక్టు మీదో బడ్జెట్ మీదో పార్టీ కౌంటీ అధ్యక్షుడికి రుచించని మాట అన్నారనుకోండి. మర్నాడు ఏమీ జరగదు. మూడేళ్ళ పదవీకాలం ముగిసేదాకా ఎవరూ పల్లెత్తు మాట అనరు. ఆ తర్వాత వచ్చే జాబితాలో పేరు ఉండదు, అంతే. ఎందుకు లేదో చెప్పాల్సిన బాధ్యత ఎవరికీ లేదు.

సరే, తీసేశారు కదా, ఒంటరిగా పోటీ చేద్దామని ఆయన అనుకుంటే ఇంకో చిక్కు. ఒక్కడే నిలబడితే సైబీరియా ఖాయం. మంచి చోటు కావాలంటే పైన సెనేటర్ నుంచి కింద కమిటీ సభ్యుడి దాకా తన వెంట ఒక పోటీ వరుసను నిలబెట్టుకోవాలి. ముఖపరిచయం లేనివారిని కూడా వెతికి పట్టుకోవాలి. ఒక్క కుర్చీ దగ్గర తేలాల్సిన తగాదా కాస్తా పార్టీ మొత్తం మీద దండయాత్రగా మారేది. తమ్ముడితో గట్టు తగాదా వస్తే ఊరందరి మీదా కేసు పెట్టాల్సి వచ్చినట్టు. లైను వర్గపోరును తగ్గించిందనేవారు ఈ లెక్క వేయరు. చిన్న అసమ్మతులను గదిలోనే నొక్కేసి, నొక్కలేని వాటిని కౌంటీ అంతటా యుద్ధాలుగా మార్చింది ఆ పద్ధతే.

విడి గడులుంటే కమిషనర్ పదవికి కోపమొచ్చినవారు కమిషనర్ పదవికే పోటీ చేస్తారు. పైన గవర్నర్ అభ్యర్థితో వారికి పేచీ లేదు, ఉన్నట్టు నటించాల్సిన పని అంతకన్నా లేదు. ఓడితే ఇంటికి పోతారు, నవంబరులో అదే పార్టీకి ఓటడుగుతారు.

"ఇంటిపోరు చూసి నవంబరులో ఓటర్లు పారిపోరా?" అని మా బృందంలో ఒక పెద్దాయన అడిగారు. రెండు ఎన్నికలు పక్కపక్కన పెట్టి చూద్దాం. 2021లో ఫిల్ మర్ఫీకి ప్రైమరీలో పోటీయే లేదు. నవంబరులో మూడు పాయింట్ల తేడాతో బయటపడ్డారు. అదే రోజు రాష్ట్ర సెనేట్ అధ్యక్షుడు, దక్షిణ న్యూజెర్సీ పార్టీ యంత్రాంగానికి పెద్ద దిక్కు అయిన స్టీవ్ స్వీనీ, ఎడ్వర్డ్ డర్ అనే లారీ డ్రైవర్ చేతిలో ఓడిపోయారు. 2025లో లైను లేదు. డెమోక్రాట్లు ఆరుగురు నెలల తరబడి ఒకరినొకరు చీల్చి చెండాడుకున్నారు. మూడో వంతు ఓట్లతో ప్రైమరీ గట్టెక్కిన మికీ షెరిల్ నవంబరులో పదమూడు పాయింట్లకు మించిన తేడాతో గవర్నర్ అయ్యారు. ట్రంప్ మీది కోపం అందులో చాలా ఉందని ఒప్పుకుంటాను. కానీ బహిరంగంగా కొట్లాడుకుంటే పార్టీ మునిగిపోతుందన్న భయానికి మాత్రం ఆధారం దొరకలేదు.

లైనులోనూ మంచి లేకపోలేదు. కౌంటీ కమిషనర్లు ఏం చేస్తారో, 2021కి ముందు వారిని 'ఫ్రీహోల్డర్లు' అని ఎందుకు పిలిచేవారో చెప్పగలిగినవారు మన వీధికి ఒకరుంటే గొప్ప. మిడిల్‌సెక్స్‌లో ఏడుగురు కమిషనర్లు, అందరినీ కౌంటీ మొత్తం ఎన్నుకోవాలి. అన్ని పేర్లు కొత్తగా కనిపించినప్పుడు వరుస ఒక ఆసరా. పైగా పార్టీ ఒక జట్టును కూర్చేటప్పుడు ఊళ్ళ లెక్క, జాతుల లెక్క చూసుకుంటుంది. శాంతి నర్రా పేరు మిడిల్‌సెక్స్ బోర్డులో మొదట కనిపించింది లైను ఉన్న కాలంలోనే. విడి గడుల్లో పలకడానికి కష్టమైన ఇంటిపేరున్నవారు ఎలా నెగ్గుకొస్తారన్న బెంగ నాకూ ఉంది. హడ్సన్ కౌంటీలో 2025 ప్రైమరీలో పార్టీ సంస్థ నిలబెట్టినవారిని కాదని రవి భల్లా, కేటీ బ్రెనన్ అసెంబ్లీ టికెట్లు గెలుచుకున్నాక ఆ బెంగ కొంత తగ్గింది. భల్లా అప్పటికే హోబోకెన్ మేయర్ అనుకోండి, అందరికీ ఆ వెసులుబాటు ఉండదు.

లైను పోయినంత మాత్రాన యంత్రాంగం పోలేదు. షెరిల్ వెనకా చాలా కౌంటీల అధ్యక్షులు నిలబడ్డారు. పేరు కింద నినాదంలో పార్టీ సంస్థ పేరు వేసుకునే వీలు ఇంకా ఉంది. డబ్బు మాటా అంతే. గవర్నర్ ప్రైమరీలో నిలబడ్డ అప్పటి ఉపాధ్యాయ సంఘం అధ్యక్షుడు షాన్ స్పిల్లర్ కోసం ఆ సంఘం నిధులతో నడిచిన బృందం కోట్ల డాలర్లు కుమ్మరిస్తే ఆయనకు వచ్చినవి దాదాపు పది శాతం ఓట్లు.

"కాలిఫోర్నియాలో బాగుంటుందట కదా" అని అడిగేవారూ ఉన్నారు. అక్కడ కౌంటీ పదవులకు పార్టీ పేరే ఉండదు. మన సర్పంచ్ ఎన్నికల్లాగే, కాగితం మీద లేని పార్టీ ఊరందరికీ తెలిసే ఉంటుంది. వర్జీనియాలో పార్టీలు ప్రైమరీ బదులు సభలు పెట్టుకున్న రోజులున్నాయి. శనివారం పొద్దంతా ఒక హాల్లో కూర్చోగలిగినవారి రాజ్యం అది. ఇంతకన్నా చెప్పేదేమీ లేదు.

మొన్నటి నమూనా బ్యాలెట్‌లో మాత్రం నేను చివరిదాకా చూశాను. అట్టడుగున కౌంటీ కమిటీ గడి. ప్రతి పోలింగ్ డివిజన్‌కూ ఉండే సీట్లవి. ఆ కమిటీవాళ్ళే పార్టీ కౌంటీ అధ్యక్షుణ్ణి ఎన్నుకుంటారు. మా డివిజన్‌లో ఒక సీటు దగ్గర పేరుకు బదులు 'నామినేషన్ దాఖలు కాలేదు' అని అచ్చు వేసి ఉంది. ఫోటో తీసి బృందంలో పెట్టాను. ఇరవై మూడు మంది చూశారు. ఒకాయన నమస్కారం బొమ్మ పెట్టారు.